ఆకు తినే పెద్ద చేపల ట్యాంకులో ఏ మొక్కలు నిలుస్తాయి?

తమ్ముడూ, కర్నూలులో నీ ఐదడుగుల ట్యాంకు సంగతి చదివాను. ఆరు సిల్వర్ డాలర్లు, రెండు టిన్‌ఫాయిల్ బార్బ్‌లు, జానెడు పొడవున్న ఒక జెయింట్ గౌరామి ఉన్నాయన్నావు. కబోంబా, లుడ్విగియా, అమెజాన్ స్వోర్డ్ తెచ్చి నాటితే వారం తిరక్కుండా కాడలే మిగిలాయన్నావు. నీళ్లు ఇంటి బోరువే. ఈ చేపల మధ్య నిలిచే మొక్కలేవి, సీఓటూ (మొక్కలకు ఇచ్చే కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పెట్టాలా, లేక ప్లాస్టిక్ మొక్కలతో సరిపెట్టుకోవాలా అని అడిగావు. అనంతపురంలో ఇలాంటి చేపలతోనే, నీకన్నా గట్టి నీళ్లతో, అంటే సున్నం లాంటి ఖనిజాలు ఎక్కువున్న నీళ్లతో, చాలా ఏళ్లుగా మొక్కల ట్యాంకు నడుపుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ప్లాస్టిక్ జోలికి పోనక్కర్లేదు. కానీ ఒక మాట ముందే మనసులో పెట్టుకో. ఆ చేపలు మొక్కలను పాడు చేయడం లేదు, భోజనం చేస్తున్నాయి. ఆకు వాటి తిండి, పొద్దంతా కొద్దికొద్దిగా మేయడం వాటి పద్ధతి. కాబట్టి తినే మొక్కలు వేరు, ఉంచుకునే మొక్కలు వేరు అని విడదీసి ఆలోచించాలి. తినేవాటిని మనమే పెంచి రోజూ వేయాలి. ఉంచుకునేవాటిని చేప నోటికి నచ్చనివిగా, లేదా అందనివిగా చూసి ఎంచుకోవాలి. ఈ రెండింటిలో ఏది వదిలేసినా ట్యాంకు మళ్లీ బోసిపోతుంది.

ముందు నీ చేపల గురించి. సిల్వర్ డాలర్లు దక్షిణ అమెరికా చేపలు, పిరానాలకు దగ్గరి చుట్టాలు. ఆ పళ్లు ఆకును కత్తిరించడానికే ఉన్నట్టుంటాయి. 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెరిగి గుంపుగా తిరుగుతాయి కాబట్టి ఒక మొక్క మీద పడ్డాయంటే ఆరూ ఒకేసారి పడతాయి. టిన్‌ఫాయిల్ బార్బ్ మన రోహు, బొచ్చె కుటుంబానిదే. 30 సెంటీమీటర్లు దాటుతుంది. మెత్తని ఆకులు తింటుంది, పైగా అడుగున వెతుకుతూ వేళ్లు పెకలిస్తుంది. అంటే దానికి ఆకు నచ్చకపోయినా, నాటిన మొక్క పైకి తేలిపోయే ప్రమాదం ఉంది. జెయింట్ గౌరామి సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

ఇంకో విషయం చూసుకో. సిల్వర్ డాలర్ పేరుతో పాకు పిల్లలను అమ్మే దుకాణాలున్నాయి. మన చేపల మార్కెట్లో రూప్‌చంద్ అంటారే, అదే చేప. చిన్నప్పుడు పొట్ట కింద ఎర్రగా, ఒంటి మీద నల్ల చుక్కలతో ఉండి, అడుగున్నర దాటి పెరుగుతుంది. విత్తనాలు, కాయలు నమిలే దవడ దానిది. నీవాటిలో ఒకటి మిగతావాటికన్నా మరీ వేగంగా లావెక్కుతుంటే అది పాకు కావచ్చు. దాని ముందు ఏ మొక్కా నిలవదు.

ఇక మొక్కలు. నీ ట్యాంకుకు మొదటి మొక్క అనూబియాస్. సందేహమే లేదు. చామాకు సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది కదా, ఆ ఆకులో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉండటం వల్ల అలా అవుతుంది. చామ, కంద, మనీ ప్లాంట్, అనూబియాస్, క్రిప్టోకోరైన్ అన్నీ ఒకే కుటుంబం. ఆకు మందంగా, తోలులాగా ఉండటం, నమిలితే నోరు గుచ్చుకోవడం, ఈ రెండూ కలిసి అనూబియాస్‌ను కాపాడతాయి. సిల్వర్ డాలర్ కొత్తలో ఒకటి రెండు సార్లు కొరికి చూస్తుంది, తర్వాత వదిలేస్తుంది. లేత ఆకు మాత్రం మెత్తగా ఉంటుంది కాబట్టి దాని అంచులు అప్పుడప్పుడు పోతాయి. దానికి కంగారు పడొద్దు.

అనూబియాస్‌లో రకాలు చాలా ఉన్నాయి. నానా, నానా పెటైట్ లాంటి బుల్లి రకాలు చిన్న ట్యాంకులకు బాగుంటాయి, నీకు పనికిరావు. బార్టెరి, కాఫీఫోలియా లాంటి పెద్దాకు రకాలు తీసుకో. కొనేటప్పుడు ఆకుల కంటే దుంపలాగా అడ్డంగా పాకే కాండం, అంటే రైజోమ్ చూడు. అది నీ చిటికెన వేలంత లావుండి, గట్టిగా, పచ్చగా ఉండాలి. నొక్కితే మెత్తగా అనిపించినా, వాసన వచ్చినా తీసుకోకు. చిన్న కప్పుల్లో వచ్చే టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబులో పెంచినవి, శుభ్రంగానే ఉంటాయి గానీ, అంత లేతవి ఈ చేపల మధ్య బతకవు. ఎదిగిన మొక్కలు నాలుగు కొనడం, పిల్ల మొక్కలు పదిహేను కొనడం కన్నా మేలు.

ఈ మొక్కను ఇసుకలో పాతకూడదు. రైజోమ్ మట్టిలో కూరుకుపోతే కుళ్లిపోతుంది. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో అది రాళ్లను, మొద్దులను పట్టుకుని పెరిగే మొక్క. డ్రిఫ్ట్‌వుడ్‌కో (ట్యాంకులో పెట్టే చెక్క మొద్దు) రాయికో నైలాన్ దారంతో కట్టు, లేదా ఫెవిక్విక్ లాంటి జిగురు రెండు చుక్కలు వేసి అతికించు. ఆ జిగురు నీళ్లు తగలగానే గట్టిపడుతుంది, చేపలకు హాని ఉండదు. మట్టిలో లేని మొక్కను టిన్‌ఫాయిల్ బార్బ్ పెకలించలేదు కదా, నీకు అదీ కలిసొస్తుంది. ఎదుగుదల మాత్రం నెమ్మది, నెలకు ఒకటి రెండు ఆకులు వస్తే బాగా పెరుగుతున్నట్టే. అందుకే దీనికి ఎక్కువ లైటు ఇవ్వకు. రోజుకు 6 నుంచి 8 గంటలు, ఓ మోస్తరు వెలుగు చాలు. ఎక్కువిస్తే ఆకుల మీద నాచు పేరుకుంటుంది. నల్లగా గడ్డంలా పెరిగే నాచు ఒకసారి పట్టిందంటే నీ చేపలు దాన్ని ముట్టవు.

రెండోది జావా ఫెర్న్. దీన్నీ కట్టాల్సిందే, పాతకూడదు. చాలా ట్యాంకుల్లో సిల్వర్ డాలర్లు దీని జోలికి పోవు. కొన్ని గుంపులు మాత్రం అలవాటు పడి తింటాయి. కాబట్టి ముందు రెండు మొక్కలే కొని, మిగతావాటితో పాటే పెట్టి కొన్ని వారాలు గమనించు. ఆకు అడుగున నల్ల చుక్కలు కనిపిస్తే తెగులు అనుకుని కోసెయ్యకు, అవి సిద్ధబీజాల (స్పోర్ల) గుంపులు. ఆకు అంచున పిల్ల మొక్కలు కూడా వస్తాయి. ఆకుల్లో చిల్లులు పడి పసుపెక్కుతుంటే సాధారణంగా పొటాషియం తక్కువైనట్టు. పెద్ద చేపల ట్యాంకులో నైట్రేటుకు కొదవ ఉండదు, పొటాషియం, ఇనుము మాత్రం మనమే ఇవ్వాలి. గట్టి నీళ్లలో ఇనుము మొక్కకు అందకుండా పోతుంది కాబట్టి అక్వేరియం మొక్కల కోసం చేసిన ద్రవ ఎరువే వాడు, తోట ఎరువులు వద్దు.

బోల్బిటిస్ అని ఇంకో ఫెర్న్ ఉంది, అందంగా ఉంటుంది. కానీ అది చల్లని, పారే నీళ్లు కోరుకుంటుంది. మన ఎండలకు నేను సిఫార్సు చేయను. జావా మాస్ అసలే వద్దు, సిల్వర్ డాలర్లకు అది ఇష్టమైన మేత.

అడుగున నాటుకునే మొక్కల్లో క్రైనమ్ మంచిది. ఉల్లిగడ్డ లాంటి దుంప, దాన్నుంచి రిబ్బన్లలా మీటరు దాటి పెరిగే ఆకులు. దుకాణాల్లో ఆనియన్ ప్లాంట్ అంటారు. ఆ జాతి మొక్కల్లో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి, ఆకు కూడా మొండిది. నాటేటప్పుడు దుంపలో పై సగం బయటికి ఉండాలి. నెలల తరబడి కదలనట్టు ఉండి తర్వాత పుంజుకుంటుంది, మధ్యలో పీకి చూడకు.

నీ బోరు నీళ్ల గురించి దిగులు పడ్డావు. నిజానికి వాలిస్నేరియా విషయంలో అది నీకు లాభమే. చాలా మొక్కలు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మీదే ఆధారపడతాయి. వాలిస్నేరియా మాత్రం గట్టి నీళ్లలో పుష్కలంగా ఉండే బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. జెయింట్ వాలిస్నేరియా అనే పెద్ద రకం తీసుకో. దీన్ని చేపలు తింటాయి, కాదనను. కానీ వేరు నిలదొక్కుకుని పక్కకు పిలకలు వేయడం మొదలెడితే, తిన్నదానికన్నా పెరిగింది ఎక్కువగా ఉంటుంది. ఆ దశకు వచ్చేదాకా చేపలకు అందకుండా ఉంచాలి. ఎలాగో కింద చెప్తాను. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే ద్రవాలు ఈ మొక్కకు పడవు, ఆకులు కరిగిపోతాయి.

అలాగే క్రిప్టోకోరైన్‌లో బలాన్సే అనే పొడవాటి, ముడతల ఆకు రకం ఉంది. థాయ్‌లాండ్‌లో సున్నపురాయి ప్రాంతాల వాగుల్లో పెరిగే మొక్క కాబట్టి మన నీళ్లు దానికి కొత్త కాదు. నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోతాయి. చచ్చిపోయిందని పారేస్తారు చాలామంది. వేళ్లు బతికే ఉంటాయి, నెలా రెణ్నెల్లలో మళ్లీ చిగురిస్తుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి రాళ్ల సంగతీ చెప్పాలి. కడప నల్లరాయి, బేతంచెర్ల బండ మన దగ్గర చౌకగా దొరుకుతాయి, చూడ్డానికీ బాగుంటాయి. కానీ అవి సున్నపురాళ్లు. అసలే గట్టి నీళ్లకు ఇంకాస్త గట్టిదనం కలుపుతాయి, సీఓటూ పెడితే ఇంకా త్వరగా కరుగుతాయి. ఏ రాయైనా అనుమానం ఉంటే గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వెయ్యి. బుసబుసా పొంగితే ట్యాంకులో పెట్టొద్దు. మొక్కలు కట్టడానికి గ్రానైట్ ముక్కలు హాయిగా వాడుకోవచ్చు. మా అనంతపురం వైపు గుట్టల్లో దానికి కరువు లేదు.

అసలు చేప నోటికే అందని మొక్కలు ఇంకో దారి. నీ ట్యాంకుకు పైన టాప్ ఫిల్టర్ ఉందన్నావు. ఆ పెట్టెలో మనీ ప్లాంట్ కొమ్మల వేళ్లు నీళ్లలో ఉండేలా, ఆకులు బయట పాకేలా పెట్టు. చేపల మలం నుంచి వచ్చే నైట్రేటును అది బాగా లాగేస్తుంది. ఆకులు గాలి నుంచే కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి కాబట్టి నీళ్లలో మునిగిన మొక్క కన్నా చాలా వేగంగా పెరుగుతుంది. వేళ్లు ట్యాంకులోకి వేలాడనివ్వకు, బార్బ్‌లు కొరుకుతాయి. వేళ్లు పెరిగి నీళ్ల దారి మూసేస్తాయి కూడా, నెలకోసారి కత్తిరించు.

కిటికీ పక్కన మంచి వెలుతురు ఉంటే అదే పెట్టెలో తూటికూర కాడలు కూడా పెట్టి చూడు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. చేపల నీళ్లతో తూటికూర పెరుగుతుంది, కోసిన ఆకులు మళ్లీ ఆ చేపలకే మేత.

ఇప్పుడు అసలైన పనికి వద్దాం. పైన చెప్పిన మొక్కలన్నీ పెట్టినా, చేపలు ఆకలితో ఉంటే అనూబియాస్‌ను కూడా నమిలేస్తాయి. నువ్వు రోజుకు రెండుసార్లు గుళికల మేత వేస్తున్నానన్నావు. గుళికలు నిమిషంలో అయిపోతాయి, మిగతా రోజంతా వాటికి పని లేదు. ఉదయాన్నే ఆకు వెయ్యి. పాలకూర, తోటకూర వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి, క్లిప్పుతో గాజుకు తగిలించు. బీరకాయ, దోసకాయ, సొరకాయ చక్రాలు కోసి వేయొచ్చు. పచ్చి బఠానీ తొక్క తీసి వెయ్యి. రోజూ ఒకటే కాకుండా మారుస్తూ ఉండు. సాయంత్రానికి మిగిలినవి తీసెయ్యాలి, లేకపోతే నీళ్లు చెడతాయి. మార్కెట్ ఆకుకూరల మీద పురుగుమందు ఉండొచ్చు. ఉప్పునీళ్లలో నానబెట్టి రెండు మూడుసార్లు కడిగాకే వాడు. మేడ మీద రెండు కుండీల్లో తోటకూర చల్లుకుంటే ఆ టెన్షనే ఉండదు.

దీనికన్నా మంచిది అజొల్లా. పశువుల మేత కోసం మన రైతులు ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటల్లో పెంచుతున్నదే. ఆరబెట్టిన అజొల్లాలో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా ప్రొటీన్ ఉంటుంది. కృషి విజ్ఞాన కేంద్రంలో కానీ, తెలిసిన రైతు దగ్గర కానీ దోసెడు తెచ్చుకుంటే చాలు. ఒక పెద్ద టబ్బులో జానెడు లోతు నీళ్లు, అడుగున కాస్త మట్టి, కొద్దిగా పశువుల పేడ వేసి వదులు. ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లు అందులో పోస్తే ఇంకా బాగా వస్తుంది. ఎండ నేరుగా పడితే మాడిపోతుంది, గ్రీన్ షేడ్ నెట్ కట్టాలి. దోమలు గుడ్లు పెట్టకుండా పైన సన్నని వల కప్పు. రోజూ గుప్పెడు తీసి, శుభ్రంగా కడిగి చేపలకు వెయ్యి. తేలుతూ ఉంటుంది కాబట్టి చేపలు పైపైనే తిరుగుతూ గంటల తరబడి మేస్తాయి. అంతసేపూ కింద మొక్కలకు ఊరట. డక్‌వీడ్ కూడా ఇలాగే పెంచొచ్చు, అది ఇంకా తేలిక.

చెరువులో, కాలువలో దొరికే హైడ్రిల్లా మేతగా పనికొస్తుంది. కానీ తిన్నగా తెచ్చి ట్యాంకులో వేయొద్దు. దానితో పాటు లెర్నియా అనే సూదిపురుగు, చేపపేను వచ్చేస్తాయి. చేపలు లేని టబ్బులో మూడు నాలుగు వారాలు ఉంచి, తర్వాత వాడు. పత్తి, మిరప చేల పక్క గుంటల్లోది మాత్రం అసలు ముట్టుకోకు. ఆ పొలాల మందులు నీళ్లలో చేరి ఉంటాయి.

నాటే పద్ధతి ఇది. కొత్త మొక్కలను ముందు వేరే టబ్బులో పెంచు. అనూబియాస్, ఫెర్న్ వేళ్లు మొద్దును పట్టుకోవడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, క్రైనమ్ చిన్న మట్టి కుండీల్లో నాటి, పైన గోలీకాయ కన్నా పెద్ద గులకరాళ్లు పరుచు. అప్పుడు బార్బ్‌లు తవ్వలేవు. ఒక్కో మొక్క ఒక్కోసారి పెడితే చేపలన్నీ దాని మీదే పడతాయి. అన్నీ ఒకే రోజు, మేత కడుపు నిండా పెట్టాక, రాత్రి లైటు ఆపేసి పెట్టు. వాలిస్నేరియా కుండీలకు మొదటి రెండు నెలలు అడ్డంగా ఎగ్ క్రేట్ షీటు నిలబెట్టు. సీలింగ్ లైట్ల కింద వాడే చదరపు గళ్ల ప్లాస్టిక్ షీటు అది. నీళ్లు ఆడతాయి, పెద్ద చేపలు దూరవు.

ఎండాకాలం మన ఊళ్లలో 42, 43 డిగ్రీలు మామూలే. గదిలో ట్యాంకు నీళ్లు 32 దాటితే జావా ఫెర్న్ నల్లబడుతుంది, చేపలకూ ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, కాబట్టి ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి. కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీ పంపు ఒకటి ఉంచుకో. నీటి మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాన్ పెట్టు. మన గాలిలో తేమ తక్కువ, నీళ్లు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి. ఆ లోటును ఆర్వో నీళ్లతో నింపు. ఆర్వో మెషీన్ వదిలేసే వేస్టు నీళ్లు మాత్రం బోరు కన్నా గట్టివి, వద్దు. మున్సిపాలిటీ తుంగభద్ర నీళ్లు దొరికితే క్లోరిన్ పోగొట్టి సగం సగం కలుపుకో.

సీఓటూ నీకు అక్కర్లేదు. నేను చెప్పిన మొక్కలేవీ దాన్ని అడగవు. ఆ డబ్బుతో పెద్ద ఫిల్టర్ కొను, చేపలకు అదే ఎక్కువ అవసరం. దుకాణంలో లక్కీ బ్యాంబూ, రంగురంగుల ఆకుల గట్టి మొక్కలు నీటి మొక్కలని చూపిస్తారు. అవి కుండీ మొక్కలు, మునిగితే నెలల్లో కుళ్లిపోతాయి. చెన్నై కొలత్తూరు నుంచో బెంగళూరు నుంచో తెప్పిస్తే పైన చెప్పిన పెద్ద రకాలు దొరుకుతాయి.

ఇక గౌరామి. ఇండోనేషియాలో ఈ చేపను పెంచే రైతులు చామ జాతి ఆకులనే మేతగా వేస్తారు. అంటే నీ సిల్వర్ డాలర్లను ఆపే ఆ సూదులు దీన్ని ఆపవు. పైగా ఇది 45 సెంటీమీటర్లు సులువుగా దాటుతుంది, 70 దాకా పెరగగలదు. నీ ట్యాంకు వెడల్పు ఒకటిన్నర అడుగు. అందులో అది సరిగ్గా వెనక్కి తిరగలేదు. మొక్కల కోసం కాకపోయినా, ఆ చేప కోసమైనా వేరే చోటు చూడాలి. పెద్ద సిమెంటు తొట్టి, తోట కొలను ఉన్నవాళ్లకు ఇవ్వు, లేదా దుకాణానికే తిరిగివ్వు. తుంగభద్రలోనో హంద్రీలోనో, ఏ చెరువులోనో మాత్రం వదలొద్దు. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు దెయ్యం చేపలుగా మన చెరువుల్లో ఎంత నష్టం చేస్తున్నాయో చేపల రైతులను అడిగితే తెలుస్తుంది. కత్తిరించిన మొక్కలూ అంతే, కాలువలో పడేయకుండా ఎండబెట్టి ఎరువులో కలుపు. గౌరామిని పంపించేదాకా కొత్త మొక్కలు కొనకు. ఈలోగా అజొల్లా టబ్బు మొదలుపెట్టు, అది కుదురుకునేసరికి రెండు మూడు వారాలు ఎలాగూ పడుతుంది.